డ్యూమా పేరు, మాకే కలం

ఫ్రెంచి నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా రెండు మాటలు వినిపిస్తాయి. 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో'ను మించిన పగ కథ ప్రపంచ సాహిత్యంలో రాలేదన్నది ఒకటి. "అయినా అవి ఆయన రాసినవి కావట కదా, ఎవరితోనో రాయించుకుని తన పేరు వేసుకున్నాడట" అన్నది రెండోది. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాటలోని ఆ 'ఎవరో' ఒగ్యుస్త్ మాకే అనే రచయిత. ఆ మాటలో సగం నిజం ఉంది, సగం అన్యాయం ఉంది. ఆ రెండు సగాలనూ విడదీయడం అంత తేలిక కాదు. ఆ ఒక్క ఆరోపణలో ఒక కోర్టు వ్యవహారం, ఒక రచనా పద్ధతి, ఒంటి రంగు మీది ద్వేషం కలిసిపోయాయి. మూడూ ఒకే ముద్దగా దాదాపు నూట ఎనభై ఏళ్లుగా చేతులు మారుతూ వస్తున్నాయి.

రంగు దగ్గరే మొదలుపెట్టాలి. డ్యూమా కథ నిజానికి ఆయన పుట్టుకకు నలభై ఏళ్ల ముందు మొదలైంది. ఆయన తండ్రి తోమా-అలెగ్జాండర్ 1762లో కరీబియన్ దీవుల్లోని ఫ్రెంచి వలస సాన్-దొమింగ్‌లో, అంటే ఇప్పటి హైతీలో పుట్టాడు. ఆ బిడ్డ తండ్రి ఫ్రెంచి ప్రభువంశీకుడు. తల్లి మరీ-సెసెత్ నల్లజాతి బానిస. కొడుక్కి పద్నాలుగేళ్లు వచ్చాక ఆ ప్రభువు స్వదేశానికి ప్రయాణం కట్టాడు. ఓడ ఖర్చులకు చేతిలో డబ్బు లేదు. కన్నకొడుకునే తాకట్టు సరుకులా అమ్మి, ఫ్రాన్సు చేరాక సొమ్ము కట్టి విడిపించి పిలిపించుకున్నాడు. మిగతా పిల్లలకు ఆ అదృష్టం కూడా లేదు, వాళ్లను శాశ్వతంగా అమ్మేశాడు.

విడిపించి తెచ్చిన ఆ కుర్రాడు తర్వాత తండ్రి వంశనామాన్ని వదిలేశాడు. తల్లి పేరులోని డ్యూమాను ఇంటిపేరుగా పెట్టుకుని సైన్యంలో మామూలు సిపాయిగా చేరాడు. ఫ్రెంచి విప్లవం వచ్చింది, పుట్టుకను బట్టి పదవులిచ్చే పద్ధతి పోయింది, ఆయన ఏడేళ్లలో జనరల్ అయ్యాడు. 1797లో ఆల్ప్స్ కొండల్లో ఒక వంతెన మీద ఆస్ట్రియన్ గుర్రపు దళాన్ని ఒంటరిగా నిలవేసిన వీరుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఈజిప్టు దండయాత్రలో నెపోలియన్‌తో పొరపొచ్చాలు వచ్చాయి. తిరుగు ప్రయాణంలో ఎక్కిన ఓడకు నీరు పట్టి ఇటలీ దక్షిణ తీరంలోని తారాంతోకు చేరితే, అక్కడి నేపుల్స్ రాజ్యంవాళ్లు ఆయన్ని కోటలో బంధించారు. రెండేళ్ల చెర తర్వాత 1801లో బయటికొచ్చేసరికి ఆ మహాకాయుడి ఆరోగ్యం పూర్తిగా చెడింది.

1802 మే నెలలో నెపోలియన్ వలసల్లో బానిసత్వాన్ని చట్టబద్ధంగా కొనసాగించాడు. అదే ఏడాది జులై 24న, పారిస్‌కు ఈశాన్యంగా ఉన్న విలేర్-కోత్రే అనే చిన్న ఊళ్లో మన నవలాకారుడు పుట్టాడు. జనరల్‌కు రావలసిన జీతం బకాయిలు రాలేదు. 1806 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాక భార్యకు పింఛనూ రాలేదు. అప్పటికి పిల్లవాడికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. ఆ రాత్రి గురించి డ్యూమా తన స్వీయచరిత్రలో రాసుకున్న సంగతి ఒకటుంది. "నాన్నను దేవుడు తీసుకుపోయాడు" అని చెబితే, దేవుడెక్కడుంటాడని అడిగాడట. ఆకాశంలో అన్నారు. పిల్లవాడు తండ్రి తుపాకీ ఈడ్చుకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఎక్కడికిరా అని తల్లి అడిగితే, నాన్నను చంపిన దేవుణ్ణి చంపడానికి అన్నాడు. ఏ తప్పూ చేయకుండా కోటలో మగ్గి, బయటపడ్డాక ఎవరికీ అక్కర్లేకుండా పోయిన ఆ తండ్రిని తెలుసుకున్న తర్వాత, 'మాంటె క్రిస్టో' నాయకుడు ఎడ్మండ్ డాంటెస్ మగ్గిన చీకటికొట్టు కేవలం కల్పన అని నేను అనుకోలేను.

డ్యూమాకు పెద్ద చదువు లేదు. ఉన్నదల్లా అందమైన దస్తూరి. ఆ దస్తూరి చూసే 1823లో పారిస్‌లో ఓర్లియాన్ ప్రభువు కార్యాలయంలో గుమాస్తాగా తీసుకున్నారు. పగలు కాగితాలు నకలు రాస్తూ, రాత్రిళ్లు షేక్‌స్పియర్, షిల్లర్, వాల్టర్ స్కాట్ చదువుకుంటూ నాటకాలు రాశాడు. 1829 ఫిబ్రవరిలో 'మూడో హెన్రీ, అతని ఆస్థానం' అనే నాటకం కోమెదీ-ఫ్రాన్సేజ్ వేదికెక్కింది. ఒక్క రాత్రిలో ఆ గుమాస్తా పేరు పారిస్ అంతా మోగింది. విక్టర్ హ్యూగో 'ఎర్నాని' వచ్చింది ఆ తర్వాతి ఏడాదే. నవలలు మొదలుపెట్టే నాటికే ఆయన పేరున్న నాటకకర్త అన్నది గుర్తుంచుకోవాలి. ముందు ముందు ఇది పనికొస్తుంది.

1836లో పారిస్ పత్రికల వ్యాపారం మారిపోయింది. ఎమిల్ ద జిరార్దాన్ 'లా ప్రెస్' అనే దినపత్రికను అంతకుముందున్న పత్రికల చందాలో సగానికే ఇవ్వడం మొదలుపెట్టాడు. అదే ఏడు 'ల సియెక్ల్' కూడా వచ్చింది. తగ్గిన చందాను ప్రకటనలతో పూడ్చుకోవాలి, ప్రకటనలు రావాలంటే చందాదారులు పెరగాలి, పెరిగినవాళ్లు జారిపోకుండా ఉండాలి. అందుకు దొరికిన సాధనం రోజువారీ సీరియల్ నవల. వారపత్రిక వచ్చిన రోజు ముందుగా సీరియల్ పేజీ తిప్పి, చివర్లో 'సశేషం' చూసి ఉసూరుమన్న తెలుగు పాఠకులకు ఆ ఆకర్షణ ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. పెద్ద విమర్శకుడు సాంత్-బవ్ 1839లోనే దీనికి 'పారిశ్రామిక సాహిత్యం' అని పేరు పెట్టి ఈసడించాడు. డ్యూమా మీద పండితులకున్న చిన్నచూపుకు వేరు ఇక్కడుంది. ఆయన మహా నవలలు ఇంకా రాయకముందే, అవి పడబోయే అచ్చు పేజీ నీచమైనదని తీర్పు వెలువడింది.

ఈ దశలో ఒగ్యుస్త్ మాకే వచ్చాడు. 1813లో పుట్టినవాడు, డ్యూమా కంటే పదకొండేళ్లు చిన్న. చరిత్ర పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు. రచయిత కావాలని కోరిక. ఇద్దరినీ కలిపింది కవి జెరార్ ద నెర్వాల్. మాకే రాసిన నాటకం తిరుగుటపాలో వస్తే డ్యూమా దాన్ని సరిదిద్ది, 1839లో మాకే పేరుతోనే వేదిక ఎక్కించాడు. కొన్నాళ్లకు మాకే ఒక చారిత్రక నవల ముసాయిదా పట్టుకొచ్చాడు. డ్యూమా దాన్ని పెంచి, తిరగరాసి, 'షెవాలియే దార్మాంతాల్' అనే పెద్ద నవలగా మార్చి, ఇద్దరి పేర్లతో వేయమని జిరార్దాన్‌ను అడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. డ్యూమా ఒక్కడి సంతకం ఉంటే పంక్తికి మూడు ఫ్రాంకులు, ఇద్దరి సంతకాలుంటే ముప్పై సూలు, అంటే సరిగ్గా సగం విలువ అన్నాడని చెబుతారు. మాకే పేరు అట్ట మీద లేకపోవడానికి తొలి కారణం పత్రికాధిపతి లెక్క.

అక్కడితో డ్యూమా తప్పేం లేదని సరిపెట్టలేం. 1842 తర్వాత ఆయన పత్రికల్ని శాసించగల స్థితికి వచ్చాడు. గట్టిగా పట్టుబడితే ఏదో ఒక నవల మీదైనా మాకే పేరు పడేది. నాటకాల విషయంలో ఆయన ఆ పని చేశాడు కూడా. మస్కటీర్ల, అంటే రాజుగారి తుపాకీ దళం సిపాయిల కథను నాటకంగా మలిచి 1845 అక్టోబరులో ఆంబిగ్యూ థియేటర్‌లో ఆడినప్పుడు, తెర పడ్డాక నటుడు ముందుకొచ్చి రచయితలు అలెగ్జాండర్ డ్యూమా, ఒగ్యుస్త్ మాకే అని ప్రకటించాడు. మాకేకు అది ముందు తెలియదు. నాటకరంగంలో ఇద్దరు ముగ్గురు కలిసి రాయడం అప్పట్లో మామూలే, ఎవరూ చిన్నతనంగా చూసేవారు కాదు. నవల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఒక్క మనిషి ఆత్మలోంచి రావాలనే నమ్మకం బలపడింది. డ్యూమా నాటకరంగపు అలవాటును నవలలోకి తెచ్చాడు. నాటకరంగపు మర్యాదను తేలేదు. నా దృష్టిలో ఆయన చేసిన అసలు తప్పు అదే.

ఇక ఎవరు ఏం రాశారు? వాళ్ల పనితీరును అర్థం చేసుకోవడానికి మన సినిమావాళ్ల కథాచర్చలు బాగా పనికొస్తాయి. ఇద్దరూ కూర్చుని కథ ఎటు పోవాలో మాట్లాడుకునేవారు. మాకే చరిత్ర గ్రంథాలు తవ్వి, తేదీలు, మనుషులు, సందర్భాలు పోగేసి మొదటి ప్రతి రాసిచ్చేవాడు. డ్యూమా దాన్ని పక్కన పెట్టుకుని తనకిష్టమైన నీలి కాగితాల మీద తిరగరాసేవాడు. సంభాషణలు పెంచేవాడు, దృశ్యం ఎక్కడ తెగాలో తేల్చేవాడు, ఆ రోజు పత్రికలో పాఠకుణ్ణి ఎక్కడ వేలాడదీయాలో నిర్ణయించేవాడు. మాకేకు ఆయన రాసిన చీటీలు చాలా మిగిలాయి. కాపీ పంపు, త్వరగా పంపు, చేతిలో ఏమీ లేదు అన్న తొందర వాటి నిండా కనిపిస్తుంది.

'త్రీ మస్కటీర్స్' 1844 మార్చి నుంచి జులై దాకా 'ల సియెక్ల్'లో వచ్చింది. ముడిసరుకు కూర్తిల్ ద సాంద్రా అనే రచయిత 1700లో అచ్చువేసిన, ఆ నవల నాయకుడు దార్తాన్యాన్ పేరిట ఉన్న దొంగ స్మృతులు. అంటే దార్తాన్యాన్ చనిపోయాక ఆయనే చెప్పినట్టుగా ఇంకొకరు రాసిన పుస్తకం. డ్యూమా దాన్ని మార్సెయ్ గ్రంథాలయం నుంచి తెచ్చుకుని మళ్లీ ఇవ్వలేదు. ముగ్గురు మస్కటీర్లు ఆతోస్, పోర్తోస్, ఆరమీస్ పేర్లు అందులోనివే. కానీ ఆ పుస్తకంలో వాళ్లు పేర్లు మాత్రమే. మాట తక్కువ, బరువెక్కువ అయిన ఆతోస్‌నూ, డాంబికాల పోర్తోస్‌నూ, ఒక కాలు చర్చిలో ఒక కాలు శృంగారంలో పెట్టిన ఆరమీస్‌నూ చేసింది పారిస్‌లోనే.

'మాంటె క్రిస్టో' ఆ ఏడాది ఆగస్టు చివర్లో 'జుర్నాల్ దె దెబా'లో మొదలై 1846 జనవరి దాకా సాగింది. దీని మూలం పోలీసు దస్తావేజుల ఆధారంగా ఝాక్ పెషే పేరున 1838లో వచ్చిన ఒక గ్రంథంలో ఉంది. పికో అనే చెప్పులు కుట్టేవాడికి డబ్బున్న పిల్లతో పెళ్లి కుదురుతుంది. ఓర్వలేని స్నేహితులు అతను ఇంగ్లండ్ గూఢచారి అని ఫిర్యాదు చేస్తారు. ఏడేళ్ల జైలు. తోటి ఖైదీ అయిన ఇటాలియన్ మతాధికారి చనిపోతూ నిధి ఆచూకీ చెబుతాడు. పికో విడుదలై వచ్చి ఒక్కొక్కరినీ చంపుతాడు. ఈ ఎముకల గూటికి డ్యూమా రక్తమాంసాలు అద్దాడు. చెరసాలలోని ఆ మతాధికారికి పెట్టిన పేరు మనకు ఆసక్తి కలిగించేది. అబ్బే ఫారియా. అసలు అబ్బే ఫారియా మన గోవావాడు, 1756లో కాందోలిమ్‌లో పుట్టాడు. పారిస్‌లో హిప్నాటిజం ప్రదర్శనలతో పేరుపడి 1819లో అక్కడే చనిపోయాడు. పణజీలో ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది. డ్యూమా ఆయన్ని ఇటాలియన్‌ని చేసి షాతో దీఫ్ అనే కోట జైలు చీకటికొట్టులో కూర్చోబెట్టాడు.

ఈ నవల విషయంలో మాకే చేసిన మేలు ఒకటి డ్యూమాయే స్వయంగా రాశాడు. మొదట ఆయన కథను రోమ్‌లో ప్రారంభించాడు. ఫ్రాంజ్ అనే యువకుడికి ఒక అంతుచిక్కని కౌంట్ తారసపడతాడు. అతని గతం ఏమిటో తర్వాతెప్పుడో అతని నోట చెప్పిస్తే సరిపోతుందనుకున్నాడు. మాకే విని, కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగాన్నే దాటేస్తున్నారు అన్నాడు. మెర్సెడెస్‌తో ప్రేమ, డాంగ్లార్, ఫెర్నాండ్‌ల కుట్ర, ఏళ్లకేళ్ల జైలు, ఫారియా, ఇవన్నీ ఒకరి నోట నెమరు వేయిస్తే సంపుటాలకు సంపుటాలు ఎవరు వింటారు అన్నది ఆయన అభ్యంతరం. డ్యూమా ఆలోచించి ఒప్పుకున్నాడు. మార్సెయ్, రోమ్, పారిస్ అనే మూడంచెల నిర్మాణం అలా వచ్చింది. కౌంట్ ఎవరో పాఠకుడికి తెలిసి, అతని శత్రువులకు తెలియకపోవడమే ఆ నవలకు ప్రాణం. ఆ ప్రాణం మాకే సలహాతో వచ్చింది.

అదే నవలలో ఎడ్మండ్ తప్పించుకునే ఘట్టం చూడండి. ఫారియా చనిపోతాడు. ఎడ్మండ్ శవాన్ని తన కొట్టులోకి చేర్చి, శవం గోనెలో తాను దూరి లోపలి నుంచి కుట్టుకుంటాడు. మట్టిలో పూడుస్తారు, తవ్వుకుని బయటపడతాను అన్నది అతని లెక్క. జైలు మనుషులు మోసుకుపోతారు. ఒకడు, ఈ ముసలాడు బక్కపలచనే అయినా బరువున్నాడే అంటాడు. కాళ్లకు ఏదో కడతారు. గాలి చల్లగా తగులుతుంది. అలల హోరు దగ్గరవుతుంది. ఒకటి, రెండు, మూడు అని ఊపి విసిరేస్తారు. పడుతూ పడుతూ ఉండగా అర్థమవుతుంది, కాళ్లకు కట్టింది ఫిరంగి గుండు అని, ఆ కోటకు శ్మశానం సముద్రమే అని. ఇక్కడ రచయిత ఎక్కడా కనిపించడు. వర్ణన లేదు, వ్యాఖ్య లేదు. గోనెలో ఉన్నవాడి చెవికి ఏది వినిపిస్తే పాఠకుడికీ అంతే. పదిహేనేళ్లు ప్రేక్షకుల ఊపిరి బిగపట్టించడం నేర్చుకున్న నాటకకర్త చెయ్యి ఇది.

చెయ్యి ఎవరిది అన్న ప్రశ్నకు రెండు సాక్ష్యాలున్నాయి. అవి ఒకదానికొకటి ఎదురు. 'త్రీ మస్కటీర్స్'లో ప్రతినాయిక మిలేడీకి శిరచ్ఛేదం చేసే దృశ్యం అసలు తానే రాశానని నిరూపించడానికి మాకే తన ముసాయిదాను బయటపెట్టాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన డ్యూమా జీవితచరిత్రకారుడు ఆంద్రె మోర్వా, అది మాకేకే ఎదురు తిరిగిందన్నాడు. సంఘటనల వరస మాకేది, ఒళ్లు జలదరించే ప్రతి మాటా డ్యూమాది. ఇక రెండోది. మస్కటీర్ల మూడో నవల సీరియల్‌గా వస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం డ్యూమా పంపిన కాపీ దారిలో పోయింది. పత్రిక ఆగకూడదు. మాకేను పిలిపించి రాత్రికి రాత్రి రాయించారు. మర్నాడు పోయిన కాపీ దొరికింది. పోల్చి చూస్తే దాదాపు ఐదు వందల పంక్తుల్లో ముప్పై మాటలే తేడా వచ్చాయని 'ల సియెక్ల్' మనిషి ఒకరు తర్వాత కోర్టులో మాకే తరఫున చెప్పాడు.

రెండూ నిజం కావడానికి అడ్డేమీ లేదు. మొదటిది 1844 నాటి పని, ఇద్దరూ కొత్తగా జంట కట్టిన రోజులు. రెండోది అయిదారేళ్లు రోజూ కలిసి రాశాక జరిగింది. ఒకేసారి రెండు మూడు పత్రికలకు సీరియల్స్ నడుపుతున్న మనిషి కొన్ని రోజులు ముసాయిదాను కొత్త ప్రాణం పోసి తిరగరాస్తాడు, కొన్ని రోజులు ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తాడు. అందుకే 'అన్నీ మాకేనే రాశాడు', 'మాకే కేవలం సమాచారం తెచ్చిచ్చాడు' అన్న రెండు వాదాలూ నిలవవు. విడివిడిగా వాళ్లు ఏం రాశారో చూస్తే తూకం కాస్త స్పష్టమవుతుంది. మాకే సొంతంగా రాసిన నవలల్లో 'లా బెల్ గాబ్రియెల్' అప్పట్లో బాగానే ఆడింది, ఇవాళ దాన్ని చదివేవాళ్లు అరుదు. డ్యూమా మాకే లేకుండా రాసిన చారిత్రక నవలల్లో ఆ పాత బిగి అరుదుగా దొరుకుతుంది. కానీ మాకేతో సంబంధం లేని స్వీయచరిత్రలో, ప్రయాణ కథనాల్లో ఆ గొంతు, ఆ చమత్కారం, ఆ ఉరవడి అచ్చంగా మస్కటీర్ల పేజీల్లో వినిపించేవే. గొంతు డ్యూమాది. కథ కట్టుబడిలో మాకే వాటా పెద్దది.

ఇప్పుడు ఆ ఆరోపణకు మొదటి అభియోగపత్రం దగ్గరికి రావాలి. 1845లో మిర్‌కూర్ అనే కలంపేరుతో ఒకాయన 'నవలల కర్మాగారం: అలెగ్జాండర్ డ్యూమా అండ్ కంపెనీ' అని ఒక కరపత్రం వేశాడు. ఇతరులతో రాయిస్తున్నాడన్న వాదన వరకే ఉంటే అది సాహిత్య వివాదం. మిర్‌కూర్ అక్కడ ఆగలేదు. డ్యూమా చర్మం గీరితే ఆటవికుడు బయటపడతాడని రాశాడు. ఆయన దగ్గర పనిచేసేవాళ్లు ఒక సంకరజాతివాడి కొరడా కింద పనిచేసే నల్ల బానిసల స్థాయికి దిగజారారని రాశాడు. ఒక్కసారి ఆలోచించండి. మామ్మ బానిస, తండ్రిని సొంత తండ్రే అమ్మాడు, ఆ మనిషిని పట్టుకుని కొరడా పట్టిన యజమాని అంటున్నాడు. డ్యూమా దావా వేశాడు, మిర్‌కూర్‌కు జైలుశిక్ష పడింది. అయినా ఆ కరపత్రం నాటిన బొమ్మ చెరగలేదు. వ్యంగ్య చిత్రకారులు ఆ తర్వాత కూడా డ్యూమాను ఉంగరాల జుట్టు, లావు పెదాలతో నరమాంసభక్షకుడిలా గీస్తూనే పోయారు. ఇతరుల సాయంతో రాసిన తెల్ల రచయితలు ఆ కాలంలో ఎందరో ఉన్నారు. 'కర్మాగారం' ముద్ర ఈయనకే అంత గట్టిగా అంటుకోవడానికి కారణం సాహిత్యం ఒక్కటే అని నేను నమ్మను. 1843లో, అంటే ఈ కరపత్రానికి రెండేళ్ల ముందే, మారిషస్ నేపథ్యంగా 'జార్జ్' అనే నవలలో ఈ అవమానాన్నే కథా వస్తువుగా ఆయన రాశాడు. డ్యూమాకు తన రంగు పట్టలేదనేవాళ్లు ఆ పుస్తకం చదవాలి.

కరపత్రం వచ్చిన వేడిలో 1845 మార్చిలో మాకే డ్యూమాకు ఒక ఉత్తరం రాశాడు. కలిసి రాసిన నవలల మీద తనకు హక్కులేమీ అక్కర్లేదని, తనకు రావలసింది డ్యూమా ఇచ్చేశాడని అందులో ఉంది. స్నేహం కొద్దీ రాశాడా, ఒత్తిడితో రాశాడా అన్నది పక్కన పెడితే, తర్వాత అదే కాగితం అతని మెడకు చుట్టుకుంది. డ్యూమా చేతిలో డబ్బు నిలిచేది కాదు. 1847లో పోర్-మార్లీలో మాంటె క్రిస్టో పేరుతో ఒక భవనం కట్టించాడు, అదే ఏడు సొంతంగా థియేటర్ తెరిచాడు. 1848 విప్లవంతో ప్రేక్షకులు పలచబడ్డారు. 1850లో ప్రభుత్వం సీరియల్ నవలలు వేసే పత్రికల మీద అదనపు స్టాంపు పన్ను వేసింది. భవనం పోయింది, థియేటర్ దివాలా తీసింది, 1851 చివర్లో అప్పులవాళ్లను తప్పించుకుని బ్రసెల్స్ చేరాడు. మాకేకు ఇవ్వాల్సిన బకాయిలు అలాగే ఉండిపోయాయి. 1858లో మాకే కోర్టుకెక్కి, డబ్బుతో పాటు తన పేరు కూడా కావాలన్నాడు. న్యాయస్థానం ఆయన కలిసి పనిచేసిన సంగతి ఒప్పుకుంది, రావలసిన సొమ్ము ఉందంది, నవలల మీద పేరు మాత్రం ఇవ్వలేదు. మాకే 1888లో చనిపోయాడు. పారిస్‌లోని పెర్ లాషేజ్ శ్మశానంలో ఆయన సమాధి మీద ఆ నవలల పేర్లు చెక్కి ఉన్నాయి. పుస్తకాల అట్టల మీద దక్కని చోటు అక్కడ దక్కించుకున్నాడు.

డ్యూమా చివరి ఇరవై ఏళ్లూ కాలు నిలవకుండా గడిచాయి. రష్యా తిరిగాడు. 1860లో ఇటలీ ఏకీకరణ వీరుడు గరిబాల్దీకి ఆయుధాలు సమకూర్చి, నేపుల్స్‌లో పత్రిక నడిపాడు. తండ్రిని చెరపట్టిన రాజవంశం కూలిపోవడాన్ని అలా కళ్లారా చూశాడు. 1870 డిసెంబరు 5న ద్యెప్ దగ్గర కొడుకు ఇంట్లో కన్నుమూశాడు. ఆ కొడుకు, 'లా దామ్ ఓ కమేలియా' రాసిన చిన్న డ్యూమా, 1874లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యాడు. తండ్రికి అది జీవితకాలంలో దక్కలేదు. పాఠకులు మాత్రం ఎప్పుడూ వదల్లేదు. క్యూబాలో చుట్టలు చుట్టే కార్మికులకు పని చేస్తున్నంతసేపూ ఒకరు గట్టిగా పుస్తకం చదివి వినిపించే ఆచారం ఉండేది. అక్కడ ఎంతో ఇష్టపడి విన్న నవలల్లో 'మాంటె క్రిస్టో' ఒకటి కాబట్టే 1935లో ఒక చుట్టకు మాంటెక్రిస్టో అని పేరొచ్చింది. 1986లో చిరంజీవి 'వేట'గా మన దగ్గరికీ ఆ కథ నడిచొచ్చింది.

2002 నవంబరు 30న, పుట్టిన రెండు వందల ఏళ్లకు, డ్యూమా అస్థికలను సొంతూరి నుంచి తెచ్చి, దేశ మహనీయుల సమాధి మందిరమైన పారిస్ పాంథియాన్‌లో హ్యూగో, జోలాల పక్కన ఉంచారు. శవపేటిక మీద నీలి మఖ్మలు, దాని మీద మస్కటీర్ల నినాదం. ఆయన రంగు వల్ల జరిగిన అన్యాయాన్ని అధ్యక్షుడు షిరాక్ ఆ వేదిక మీదే ప్రస్తావించాడు. తండ్రి జనరల్‌కు మాత్రం ఆ గౌరవం ఇంకా అరకొరగానే ఉంది. పారిస్‌లో ఉన్న ఆయన విగ్రహాన్ని నాజీ ఆక్రమణ రోజుల్లో ధ్వంసం చేశారు. అదే కూడలిలో 2009లో తెగిన సంకెళ్ల శిల్పం ఒకటి పెట్టారు. మాకే సంగతి కూడా తేలాల్సే ఉంది. డ్యూమాను పైకెత్తడానికి మాకేను తొక్కనక్కర్లేదని, మాకేకు న్యాయం అడగడానికి మిర్‌కూర్ భాష అరువు తెచ్చుకోనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. కొత్త ముద్రణల్లో లోపలి పేజీలోనైనా రెండో పేరు కనిపించాలి.

'మాంటె క్రిస్టో'ను మనలో ఎక్కువమంది బడి రోజుల్లో కుదించిన ఇంగ్లీషు పుస్తకంగానో, పాత పూర్తి అనువాదంలోనో చదివి ఉంటారు. 1846 నాటి ఆ ఇంగ్లీషు అనువాదం విక్టోరియా కాలపు మర్యాదలకు అనుగుణంగా హషీష్ మత్తు దృశ్యాన్నీ, డాంగ్లార్ కూతురు యూజెనీ, ఆమె స్నేహితురాలి మధ్య అనుబంధాన్నీ పలచన చేసింది. 1996లో రాబిన్ బస్ చేసిన పెంగ్విన్ అనువాదంలో 117 అధ్యాయాలూ కోత లేకుండా ఉన్నాయి. అది దొరికితే 31వ అధ్యాయం దగ్గర కాసేపు ఆగండి. ఫ్రాంజ్ అనే యువకుడు వేటకని మాంటె క్రిస్టో దీవిలో దిగుతాడు, సింద్‌బాద్ నావికుడినని చెప్పుకునే ఒక వింత మనిషి ఆతిథ్యం ఇస్తాడు. మాకే అడ్డుపడకపోతే ఈ కథ ఇంచుమించు ఇక్కడి నుంచే మొదలయ్యేది. ముందటి 30 అధ్యాయాలూ చదవనట్టు ఊహించుకుని ఆ అధ్యాయం ఒకసారి చదవండి, తెలిసినట్టుగా ఇంకోసారి చదవండి. ఆ ఇద్దరిలో ఎవరి వల్ల ఏం వచ్చిందో కోర్టు రికార్డుల కంటే అక్కడే బాగా తెలుస్తుంది.